పాత కార్డు ఇచ్చేయాలి

ఫ్లోరియానోపోలిస్‌లో జూలై చలి.
నర్సుల కౌన్సిల్ ఆఫీసులో మూడో కౌంటర్ నాది.
గాజుపలకకి అరచేయి పట్టేంత కంత,
అందులోంచి ముందు చేతులే కనిపిస్తాయి నాకు,
మొహాలు తర్వాత.

ఆ చేతులు ఎండకి కమిలినవి,
గోళ్ళు మొదలంటా కత్తిరించినవి.
నర్సే, అనుకున్నా.

"బదిలీకి వచ్చాను" అంది.
పారా రాష్ట్రం. బెలెం దాటి, ఏటి మీద ఎక్కడో.
నీళ్ళలో నానిన యాస.
పేరు జుసిలేని.

రోజూ అప్పజెప్పే పాఠమే అప్పజెప్పాను:
డిప్లొమా, అసలూ నకలూ.
ఫోటోలు రెండు, తెల్లగోడ ముందు, నవ్వకుండా.
అక్కడ బాకీ లేదని అక్కడివాళ్ళ కాగితం.
మీ మీద విచారణ లేదని ఇంకో కాగితం.
పెళ్ళయో విడిపోయో పేరు మారితే దానికొకటి.
ఇక్కడే ఉంటున్నారని కరెంటు బిల్లు.

"బిల్లు మా పిన్ని కూతురి పేరున ఉంది.
నేను వాళ్ళ వంటగది పక్కన పడుకుంటాను."
"అక్కడ పడుకుంటున్నారని ఆవిడ రాసి సంతకం పెట్టాలి."
"రాత్రి పడుకోకుండా ఉండే ఉద్యోగం కోసమే కదండీ
ఈ తిప్పలన్నీ" అంది.
నేను నవ్వలేదు.
కౌంటర్ లోపల నవ్వకూడదని రూలేం లేదు,
అలవాటు తప్పిందంతే.

తెర మీద ఎర్రగీత వచ్చింది.
మూడేళ్ళ కిందటి కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేయలేదు.
జరిమానా కట్టాలి, లేదా కారణం రుజువు చేయాలి.

"ఆ రోజు పడవలో ఉన్నాను."
"టికెట్ ఉందా?"
"ఆరోగ్య కేంద్రం పడవకి టికెట్ ఏమిటి?
దియొనీజియాకి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది.
సగం దారిలో డీజిలు అయిపోయింది.
ఓటు ఫోన్లో వేయాలన్నారు,
నా ఫోను ఆ రాత్రంతా దీపం."

"రుజువు?"
కాసేపు ఆలోచించింది.
"వాడికిప్పుడు మూడేళ్ళు."

ఇరవై రెండేళ్ళుగా రుజువులు చూస్తున్నాను.
ముద్ర పడనివి, మడత దగ్గర చిరిగినవి, వాన తాగినవి.
మూడేళ్ళవాణ్ణి ఏ గడిలో కూర్చోబెట్టాలో
ఈ తెరకి తెలీదు.
జరిమానా కట్టించుకున్నాను.
బిళ్ళలు లెక్కపెట్టినట్టు
చిల్లర రెండేసి జరిపింది కంతలోంచి.

ఇక ఆఖరిది.
"పాత కార్డు ఇచ్చేయాలి."

ఇవ్వలేదు వెంటనే. బొటనవేలితో నంబరు రుద్దింది,
మాసిందేమో అన్నట్టు.
"దీన్ని ఇంకెవరికైనా ఇస్తారా?"
"లేదు. మూసేస్తారు."
"పన్నెండేళ్ళు ప్రతి చీటీ కిందా ఇదే రాశాను.
సూది వేశానని, జ్వరం దిగిందని,
రాత్రి మూడూ పదికి ఊపిరి ఆగిందని.
ఆ కాగితాల మీద ఇక నేనెవర్ని?"

"ఆ కాగితాలు అక్కడే ఉంటాయి" అన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

కార్డుకి చిల్లు కొట్టడం నా పని.
నంబరు మీదే కొట్టాలి, పద్ధతి అది.
మిషన్లో కార్డు కాస్త పక్కకి జరిగింది.
జరిగిందో, జరిపానో.
చిల్లు మూలకి పడింది.
అంకెలన్నీ అలాగే ఉన్నాయి
సొరుగులోకి వెళ్ళేటప్పుడు.

రసీదు మడిచి జేబులో పెట్టుకుంటూ
"ఇక్కడెప్పుడూ ఇంత చలేనా?" అంది.
"ఆగస్టు దాకా."
పల్చటి చొక్కా, మోచేతుల దాకా చేతులు.

షరతుల కాగితం అడుగున చోటుంటే
ఒకటి కలిపేవాణ్ణి:
ఉన్ని స్వెట్టరు ఒకటి.
అసలుదే తేవాలి, నకలు చెల్లదు.