ఎనిమిది గంటల అంకె

పొద్దున ఎనిమిదింటికి జీపారా ఫోన్ చేస్తుంది.
పలకరింపులుండవు. ఒక దగ్గు, వెనక కెటిల్ చప్పుడు,
తర్వాత అంకె:
"నూట నలభై రెండు."
సెకనుకు అన్ని ఘనపు మీటర్ల నరిన్ నది
ఆమె వంతెన దాటి బయల్దేరిందని అర్థం.

దిగువ దేశంలో నేను ఇనప మెట్లు దిగి
కొలబద్ద మీది పాచిని బొటనవేలితో తుడిచి చదువుతాను.
నూట పందొమ్మిది.

మధ్యలో ఇరవై మూడు.
వదిలామంటుంది వాళ్ల రాజధాని,
రాలేదంటుంది మాది.
మా ఇద్దరికీ తెలుసు:
ఒక పగిలిన కాలువ, అటొకటి ఇటొకటి దొంగ మోటార్లు,
ఎండ,
మా మేనమామ పుచ్చతోట కూడా.
తిలా పాపం, తలా పిడికెడు.

ఆకులు రాలేవేళ ఒప్పందం రాసుకున్నారు.
మీరు జూలైలో నీళ్లివ్వండి, మేం జనవరిలో బొగ్గిస్తాం.
గది నిండా జెండాలు, మూత తీయని నీళ్ల సీసాలు.
కాగితం మీద నూట ముప్పై అని పడింది.
ఆ అంకెను ఏ ఒడ్డునా ఎవరూ కొలవలేదు.
నీరు పల్లమెరుగు.
అంకె మాత్రం బల్ల ఎటు వాలితే అటు.

ఆ చలికాలం బొగ్గు బండ్లు వెళ్లలేదు.
ఎగువన తలుపులెత్తారు.
మా జూలైని మండించుకుని చలి కాచుకున్నారు.
గడ్డకట్టిన పత్తి చేల మీద ఎవరికీ అక్కరలేని వరద.
ఫోన్‌లో అరిచాను.
ఆమె అంతా విని, అంది:
"నా మనవరాలు నెలలు నిండకుండా పుట్టింది, నార్మత్.
దాన్ని పడుకోబెట్టిన గాజుపెట్టె కరెంటుతో నడుస్తుంది."
తర్వాత అంకె చెప్పింది. మూడొందల అరవై.
రాసుకున్నాను.

పాప పేరు అడగడానికి నాకు వారం పట్టింది.

ఈ ఏడు కొండల మీద మంచే పలచన.
తగవుకు సరిపడా నీళ్లయినా లేవు.
జూన్‌లో కొలబద్ద అడుగున సున్నా బయటపడింది,
నా ఉద్యోగంలో ఎన్నడూ చూడని సున్నా,
బురదలోంచి, బాతుగుడ్డులా.
పొడుగు కొలబద్ద కావాలని పైకి రాశాను.
సున్నాకు దిగువన నది ఉండటానికి
నిబంధనల్లో వీలు లేదని జవాబొచ్చింది.

కిటికీలకు వేయగా మిగిలిన నీలం రంగు ఉంది.
మోకాళ్ల మీద కూర్చుని
రాతి స్తంభం మీద గీతలు గీశాను, కిందికి.

ఇవాళ నేనే ముందు ఫోన్ చేశాను.
"మైనస్ నాలుగు."
కెటిల్ దించిన చప్పుడు.
"ఎందాకా గీశావు?"
"ఏడు."
"రంగు మిగిలిందా?"
"కాస్త."
"మూత గట్టిగా పెట్టు," అంది జీపారా.
"ఎండిపోతుంది."