కోర నుంచి కోర దాకా

హూడి సర్కిల్ దగ్గర, మందుల షాపు పైన, రెండో అంతస్తు.
పొద్దున ఆరింటి రైలుకి కుప్పంలో ఎక్కి
తొమ్మిదికల్లా తెల్ల కోటు తొడుక్కుంటాను.
నా పని నోళ్ళ దగ్గర నిలబడడం:
గొట్టంతో ఉమ్ము లాగడం, దీపం తిప్పడం,
డాక్టరమ్మ చెయ్యి చాపకముందే
ఏది కావాలో తెలిసి ఉండడం.

వకుళ వచ్చింది ఒక మంగళవారం. రాజంపేట పిల్ల.
హోటల్లో ముందు బల్ల దగ్గర ఉద్యోగం,
రోజుకి రెండు వందల మందికి నవ్వాలి.
పెదవి లేస్తే పళ్ళకన్నా ముందు
చిగుళ్ళే వచ్చి పలకరిస్తాయని
ఎవరో ఫోటో చూసి అన్నారట.
అవీ నల్లగా, ఇప్పుడే నేరేడుపళ్ళు తిన్నట్టు.
చెప్తూ చెప్తూ నవ్వింది,
నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టుకుంది.
ఆ చేతికి ఆ దారి ఎన్నేళ్ళుగా తెలుసో,
చూడకుండానే చేరుకుంది.

రంగుల పలక తీశాను.
గులాబీలో ఇన్ని గులాబీలున్నాయని
ఈ పనిలో చేరాకే తెలిసింది నాకు.
ఆమె వేలు పెట్టింది,
మా వైపు ఏ పసిబిడ్డా ఆవలించి చూపించని రంగు మీద.

"స్వల్ప నోవు," అంది డాక్టర్ చైత్ర, సూది ఎత్తి.
కన్నడం కొత్త వకుళకి.
"నవ్వాలా?" అని నన్నడిగింది.
నొప్పి అని నేను చెప్పేలోగా
పెదాలకి ప్లాస్టిక్ కొక్కెం పడింది.
అది పెడితే ఎవరైనా
నవ్వుతున్నట్టే ఉంటారు.

సన్న కడ్డీతో ఎత్తు కొలిచారు.
కోర నుంచి కోర దాకా ఆరు పళ్ళు,
ప్రతి పంటి మీదా ఒక నెత్తుటి చుక్క,
టైలరు సుద్దతో గుర్తు పెట్టినట్టు:
ఇక్కడిదాకా కత్తిరింపు, ఇక్కడ వంపు.
తర్వాత లేజరు.
చిన్నగా కూస్తుంది అది,
వాసన మాత్రం పెద్దది,
పొయ్యి దగ్గర వెంట్రుక కాలిన వాసన.
నా గొట్టం కొంత తాగింది, మిగతాది నా మాస్కు.
తడి దూదితో తుడిస్తే నలుపు
పలక మీద అక్షరంలా వచ్చేసింది.
ఎవరు రాసిన అక్షరమో,
వాళ్ళ అవ్వో, అవ్వకి అవ్వో.

వారం రోజులు కారం వద్దు, ఆవకాయ అసలే వద్దు,
చల్లటి పెరుగన్నం, బ్రష్షు ఆ వైపు పోవద్దు.
కాగితం మీద ఇవన్నీ పెద్ద అక్షరాలు.
"రంగు మళ్ళీ రావచ్చు" అన్నది
కింద, సంతకం గీత పక్కన,
చీమ తలకాయంత.
బిల్లు ఆరు కంతులు, పంటికొకటి లెక్క.

నెలన్నరకి ఫోటో తీశాం.
ముందు, తర్వాత. గోడకి పనికొచ్చే ఫోటో.
బాగుంది. నిజంగానే బాగుంది, అబద్ధమెందుకు.
అద్దం చూసి నవ్వింది వకుళ.
చెయ్యి ఎప్పటిలాగే పైకి లేచింది.
దానికెవరూ సూది వెయ్యలేదు కదా.

రైల్లో, బంగారుపేట దాటాక, మాస్కు తీస్తాను.
కిటికీ అద్దంలో చీకటి, దాని మీద నా నోరు.
నా చిగుళ్ళదీ ఆ రంగే.
సిబ్బందికి సగం ధర అన్నారు.
లెక్క వేశాను కూడా, రెండుసార్లు.
మామిడి కొత్తాకునీ చిగురే అంటాం మేము,
పంటి మొదలునీ చిగురే అంటాం.
ఆకు ఎర్రగా వచ్చి, ముదిరి, పచ్చబడుతుంది.
ఎరుపు ఏమయిందని చెట్టునెవరూ కూర్చోబెట్టి అడగరు.
అట్లా అనుకుంటూనే మూడోసారి లెక్క వేశాను.

పద్నాలుగు నెలలకి మళ్ళీ వచ్చింది,
పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి.
దీపం తిప్పాను.
ఎడమ కోర పైన, ఆవగింజలో సగం,
ఒక నల్ల చుక్క
ఎవరినీ అడక్కుండా చిగురేసింది.
"ఏమైనా ఉందా?" డాక్టరమ్మ,
వెనక చేతులు కడుక్కుంటూ.
ఇంకో నిమిషంలో ఎలాగూ ఆవిడే చూస్తుంది.
వకుళ కళ్ళు నా మాస్కు మీద.
"ఏం లేదు మేడమ్, కొంచెం గార," అని
గొట్టం ఆన్ చేశాను.