నడి నీళ్ల రోమింగ్

సిరొంచ రేవుల నాది నావ.
ఇవతల మహారాష్ట్ర, అవతల కాళేశ్వరం.
నడుమ నీళ్లు ఏ సర్కారువో
ఏ పట్వారీ గొలుసేసి కొలవలేదు గని
నా అంగీ జేబుల ఫోనుకు ఎరుక.
గెడ అందని లోతుకు రాంగనే
కుయ్యిమని మూలుగుతది –
ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం,
ఇక్కడ నీకొచ్చే మాటకు గూడ పైసలే, అని.

రోజుకు పద్నాలుగు స్వాగతాలు నాకు.
పెండ్లికొడుకునై పోయిన నాడు
అత్తగారింట ఒక్కటే చెంబు నీళ్లిచ్చిన్రు.

బుచ్చుబాయి మస్కట్ పోయి పదమూడు నెలలు.
ఎవరో ముసలమ్మకు కాళ్లొత్తి, మందులేసి,
శుక్రారం పగటీలి ఆ తల్లికి కన్నంటుకున్నంక
వంటింట్ల బియ్యం డబ్బా మీద కూసొని ఫోను చేస్తది.
అక్కడ రెండు, ఇక్కడ మూడున్నర.
మూడున్నరకే దర్శనాలోల్లు మర్లివస్తరు,
మూడున్నరకే నేను నడి నీళ్లల్ల ఉంట.

మొదటి మాట, తిన్నవా.
రెండో మాట, బాలెన్స్ ఎంతున్నది.
రియాలు కార్డు గీకితే
పన్నెండు నిమిషాలని రాసుంటదట,
తొమ్మిదికే తెగుతదట.
మిగిలిన మూడు నిమిషాలు
ఎవరి పెండ్లాం మొగుళ్లు మాట్లాడుకుంటున్నరో.
ఇక్కడ చిలుకవార్ దుకాణంల
పది పెడితే ఏడున్నర ఎక్కుతది.
గిదే లెక్క ఆమె నాకు, నేను ఆమెకు
చెప్పుకునేసరికి మూడు నిమిషాలు.

"ఒడ్డుకొచ్చినంకనే ఎత్తు" అంటది,
"నావి పోతే పోయినై, నీవి గూడ ఎందుకు?"
"మన ఒడ్డునే ఉన్న" అంట నేను,
గెడ చప్పుడు కాకుండ మోకాళ్ల నడుమ పట్టుకొని.
"నువ్వు తిన్నవా?" అంటె
"ఎప్పుడో" అంటది.

మొన్నటి శుక్రారం
పదకొండు మంది, రెండు మేకలు, ఒక సైకిలు.
ఎన్నడు చూడని నంబరు.
ఎత్తితే ఆమెనే, గొంతు దించకుండ మాట్లాడుతున్నది!
ముసలమ్మ తన ఫోనే చేతుల పెట్టిందట,
ఎంతసేపైనా మాట్లాడుకో బిడ్డా అన్నదట.

ఎంతసేపైనా.
తిన్నవా అయింది. బాలెన్స్ అడిగే పని లేదు.
ఇగ ఏం మాట్లాడాలె?
ఆమె ఊపిరి ఇనబడుతున్నది,
ఎనుక ఏదో కుక్కర్ కూత.
ఇంత అగ్గువ దొరికిన మాటను
ఎట్ల వాడుకోవాలో ఇద్దరికీ తెల్వలేదు.
నాది మాత్రం కరుగుతనే ఉన్నది,
నేనున్నది పరాయి నీళ్లల్ల.
మన దిక్కు కొట్టుకపోతదేమో అని గెడ పైకి తీసిన.
ప్రాణహిత ఎవరి దిక్కూ తీసుకపోదు,
కిందికే తీసుకపోతది.

"మేకలకేం తొందర, మాట్లాడు"
అన్నది రాజుబాయి అత్త.
అని, తనే గుంజుకున్నది ఫోను.
"బుచ్చుబాయీ, ఈ ఏడు మిరపకు తెగులు,
నీ చీర జాకెట్టు నా దగ్గరే ఉన్నది,
మీ ఆయన చిక్కిండే..."
అటెన్క బడి పిల్లగాడు, పదో ఎక్కం అప్పజెప్పిండు.
అటెన్క మేకల లింగయ్య,
ఆయనకు ఏం మాట్లాడాలో తెల్వక
మేక మెడ దగ్గర పెట్టిండు ఫోను.
అది అరిచింది. అవతల నవ్వు.
పదమూడు నెలలకు ఆ నవ్వు,
అది గూడ నా చెవుల కాదు.

ఆఖరుకు చంద్రపూర్ పత్తి బేపారి చేతికొచ్చింది.
ఆయనకు తెలుగు రాదు.
"హా బహన్, హా హా" అనుకుంట
నాలుగు దిక్కుల నీళ్లు చూసి, ఏదో జవాబిచ్చిండు.
అంతల్నే తెగింది.
బాలెన్స్ సున్న.

ఏమడిగిందని అడిగిన.
నావ ఏడున్నదని అడిగిందట.
బీచ్ మే హై, అన్నడట. నడుమల ఉన్నదని.

గెడ ఏసిన.
ఒడ్డు దాకా ఎవరూ మాట్లాడలేదు.
బేపారి ఐదు రూపాయలు చాపితే తీసుకోలేదు.
ఎందుకు తీసుకోలేదో ఇంకా తెల్వదు,
వచ్చే శుక్రారం దాకా టైమున్నది.