పదకొండు రోజులు

రాత్రంతా బేకరీలో పిండి పిసికి
పగలు పడుకునేదాన్ని.
తలుపులో తాళంచెవి తిరిగిన చప్పుడుకి
మెలకువొచ్చింది. ఇరవయ్యో తారీఖు.
హాలిఫాక్స్ రేవులో పొగమంచు కొమ్ము ఊదుతోంది.

నా తాళంచెవి నా దిండు కింద ఉంది.
మరి ఇదెవరిది?

గుమ్మంలో ఒక కుర్రాడు.
వీపు మీద చుట్టిన పరుపు,
చేతిలో బుట్ట, బుట్టలో పిల్లి.
నన్ను చూసి వాడు, వాణ్ణి చూసి నేను,
ఇద్దర్నీ చూసి పిల్లి
కాసేపు ఎవరం ఏమీ అనలేదు.

"ఇల్లు ఖాళీ అన్నాడే బర్గోయిన్" అన్నాడు చివరికి.
ఖాళీ!
గోడకి నా కోటు వేలాడుతోంది,
పొయ్యి మీద నిన్నటి చేపల సూపు,
సగం సర్దిన పెట్టెల్లో నా ఆరేళ్లు.
ఖాళీ అన్న మాటలో
ఇంత సామాను పడుతుందని తెలీదు నాకు.

బర్గోయిన్‌కి ఫోన్ చేశాను.
"ఎలాగూ వెళ్లిపోతున్నావు కదా వెర్నా,
నాలుగు రోజులు అటూ ఇటూ."
నాలుగు కాదు, పదకొండు.
రొట్టెలు లెక్కపెట్టే చేతులివి,
డజనుకి ఒక్కటి తగ్గినా
మా కొట్లో ఎవరూ ఊరుకోరు.

వెళ్తానని నోటీసు ఇచ్చింది నేనే.
వెళ్తానన్నవాళ్లు వెళ్లిపోయినవాళ్లు కారు.
ముప్పయ్యో తారీఖు రాత్రిదాకా
ఈ గుమ్మం నాది, ఈ చలి నాది,
కారే ఆ కుళాయి కూడా నాదే.
ఒప్పందం తెరిచి ఫోన్లోకి చదివాను.
అవతల ఊపిరి వినిపించింది,
మాట వినిపించలేదు.

కుర్రాడు మెట్ల మీద కూలబడ్డాడు.
పేరు లాక్లన్. కేప్ బ్రెటన్‌లో
తెల్లారకుండానే బస్సెక్కాడట.
జేబులోంచి రసీదు తీశాడు,
నాది దాని పక్కన పెట్టాను.
అవే పదకొండు రోజులు,
రెండింటి కిందా అదే సంతకం,
చివర అదే వంకర తోక.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
మేం కత్తులం కాము.
ఒరని రెండుసార్లు అమ్మినవాడు
ఎక్కడో వెచ్చగా కూర్చునున్నాడు.

వాణ్ణి పొమ్మనొచ్చు, కాగితం నా వైపే ఉంది.
రమ్మనొచ్చు కూడా,
పిల్లి అప్పటికే నా మంచమెక్కింది.
ఏదీ తేల్చుకోలేక సూపు వేడిచేశాను.

తిన్నాక వాడు తాళంచెవి
బల్ల మీద నా వైపు జరిపాడు.
"ముప్పై దాటాక ఇవ్వండి."
కాసేపాగి, "పరుపు ఉంచుకోవచ్చా?"

పరుపు ఉండొచ్చు. పిల్లీ ఉండొచ్చు.
నీకు మా బేకరీ పైన పిండి బస్తాల గది అడుగుతాను,
వెచ్చగానే ఉంటుంది, తుమ్ములొస్తాయి అంతే.
ముందు పెన్ను తీయి అన్నాను.

ఉత్తరం ఒకటే, రాసేది ఇద్దరం:
నా రోజులు నాకు, అతని డబ్బు అతనికి,
తారీఖులు అంకెల్లోనూ, అక్షరాల్లోనూ.

మధ్యలో తలెత్తి అడిగాడు:
"ఆ కుళాయి ఎప్పట్నుంచి కారుతోంది?"

ఆరేళ్ల నుంచి.
అదీ రాయి.