చుక్క తేడా

మన కార్డులు పనిచేయని దేశం.
గోడల్లో మిషన్లున్నాయి గానీ
నా మొహం గుర్తుపట్టవు.
తెచ్చుకున్నదే నాది, అంతే.
అందుకని డాలర్లు మూడు చోట్ల దాచాను:
మేజోళ్లలో కొన్ని, మాత్రల డబ్బాలో కొన్ని,
పెట్టె అడుగు అట్ట కింద మిగతావి.
ఇరవై రెండేళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్న వేళ్లు నావి.
తడి స్పాంజి లేకపోయినా
చీకట్లో కట్ట మందం చెప్పగలవు.
తొమ్మిది రోజుల మందం.
ఎనిమిది.
యజ్ద్ చేరేసరికి అయిదున్నర.

ఇక్కడ నోటు మీద రాసేది రియాలు,
నోటితో పలికేది తొమాను.
మధ్యలో ఒక సున్న మింగేస్తారు.
ఒక్కోసారి మూడు నాలుగు కలిపి మింగి
"పదిహేను" అంటాడు పండ్లవాడు.
పదిహేను ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు,
నాకు తప్ప.
పైగా వీళ్ల సున్న సున్నలా ఉండదు,
చుక్క. ఈగ వాలి లేచినంత.
అయిదేమో తలకిందులుగా పెట్టిన తమలపాకు.
కొత్త నోట్ల మీద చివరి నాలుగు చుక్కల్నీ
పల్చటి రంగులో అచ్చేశారు,
ఉన్నాయనుకో, లేవనుకో, నీ ఇష్టం అన్నట్టు.
పైసాతో సహా లెక్క కుదిరితే గానీ
కుర్చీ లేవని మనిషిని,
నాలుగు దానిమ్మపండ్లకి
కట్ట మొత్తం ముందుకు చాపాను:
నీకెంత కావాలో తీసుకో నాయనా.
తీసుకున్నాడు.
ఒక నోటు మళ్లీ వెనక్కి పెట్టాడు కూడా.

గురువారం సాయంత్రం మట్టిగోడల సందులో
చెప్పు ఉంగటం తెగింది.
ఎదురుగానే సెయ్‌ఫొల్లా కొట్టు,
ఆయన కూర్చుంటే గాలికి చోటు లేనంత.
గోధుమరంగు దారం అయిపోయిందని సైగ చేసి
ఆకుపచ్చ దారంతో కుట్టాడు.
ఏడు పోట్లు. చివర పళ్లతో కొరికాడు.
ఎంత? అని వేళ్లాడించాను.
గుండె మీద చెయ్యి పెట్టి, తల వంచి,
"ఘాబెలి నదారె" అన్నాడు.
ఫోనులో అనువాదం వచ్చింది: దీనికి విలువేముంది.
ఎంత మంచివాడు!
రెండు చేతులూ జోడించి
చక్కా వచ్చేశాను.

రాత్రి టీ దగ్గర ఈ సంగతి చెబితే
నేను దిగిన ఇంటావిడ మాహ్‌లఘా ఖానుమ్
పంటికింద చక్కెర పలుకు బిగించి నవ్వింది,
తర్వాత నవ్వలేదు.
"అది మర్యాద. డబ్బు వద్దని కాదు.
ఆయన వద్దనాలి, నువ్వు వినకూడదు.
మూడోసారికి తీసుకుంటారు.
నువ్వు మొదటి మెట్టు మీదే
మనిషిని నిలబెట్టి వచ్చేశావు."

మొహమాటం!
వేరే బట్టలు కట్టుకుందని
దాని మొహం పోల్చుకోలేకపోయాను.
"అబ్బే, ఎందుకండీ" అంటూ చెయ్యి వెనక్కి లాక్కుని
జేబు మాత్రం ముందుకు వంచే మేనమామలు
నాకు లేకనా?

శుక్రవారం. కొట్టుకి తాళం.
పదింటికి షీరాజ్ బస్సు.
తలుపు సందులోంచి నోట్లు జారవిడవబోయి
ఆగాను,
ముష్టి వేసినట్టుంటుందని.

ఖానుమ్ చేతికిచ్చాను, ఆయనకిమ్మని.
"ఉంచు, నేనిస్తాలే" అంది.
మళ్లీ చాపాను.
"నువ్వు మా అతిథివి."
మళ్లీ.
తీసుకుంది. వంటగది దీపం కింద
బొటనవేలితో చకచకా లెక్కపెట్టింది,
అచ్చం నాలాగే.
పదింట్లో తొమ్మిది తిరిగి నా అరచేతిలో పెట్టింది.
"ఒక చుక్క ఎక్కువ వేశావు."

ఇరవై రెండేళ్లలో ఒక్కరోజూ
కౌంటరు అవతలి మనిషి
నా లెక్క తప్పని అనలేదు.
ఆ తొమ్మిదింటినీ ఏ మేజోడులో దాచాలో తెలీక
చేత్తో పట్టుకునే బస్సెక్కాను,
ఆకుపచ్చ కుట్టు మీద బరువు పడకుండా
కొంచెం పక్కకి అడుగేస్తూ.
ఊరు దాటాక బస్సు కుర్రాడు
కాగితం కప్పులో టీ తెచ్చాడు.
నోటు తీశాను.
గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.
ఒకటి, అని
తెలుగులో లెక్క మొదలుపెట్టాను.