ఆటు ఎన్ని గంటలకు

బ్ర్నోలో సముద్రం లేదు.
పగలు డిపోలో ట్రాముల బ్రేకులు బాగుచేస్తాను.
రాత్రి పదకొండు దాటాక
నేనెన్నడూ కాలు తడపని నీళ్ళకు
రాకపోకల వేళలు లెక్కగడతాను.
పద్నాలుగేళ్ళుగా. ఊరికే.
జీతమిచ్చేవాడు లేడు, వద్దనేవాడూ లేడు.

అక్టోబరు చివరి ఆదివారం
ఒక టికెట్టు వచ్చిపడింది. నాలుగువందల ఆరు.
రాసింది ఎనోరా కెర్‌మారెక్, బ్రెటన్ తీరం, ఆల్చిప్పల సాగు.
"లెక్క తప్పు. ట్రాక్టరు పోయింది. సరిచెయ్."
అంతే.
పలకరింపు లేదు. ఏ వెర్షనో లేదు.
ఏం చేశారు, ఏమైంది, ఏం కావలసింది అని
మేం ఓపిగ్గా గీసిపెట్టిన గళ్ళన్నీ
ఖాళీ.

ఆ రోజు ఆరు బోగీలు చూసి వచ్చాను.
గోళ్ళ సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు.
"సరిచెయ్" దగ్గర ఆగిపోయాను.
ఎవరింటి పాలేరుననుకుంది?
పసుపు ముద్ర ఒకటి తీసి కొట్టాను: అమర్యాద.
దీపం ఆర్పి పడుకున్నాను.

తెల్లారేసరికి పందొమ్మిది జవాబులు.
గెంట్ నుంచి వౌటర్: ముందు నియమావళి నాలుగో అంశం చదివి రండి.
బెర్గెన్ నుంచి సోల్‌వైగ్: "చదివి రండి" అనడమే నాలుగో అంశానికి విరుద్ధం.
ఎవరో: ఇది పాత టికెట్టుకు నకలు, మూసేయండి.
ఇంకెవరో: ఆ పాతదాన్ని అంతకు పాతదానికి నకలని మూశారు,
అంతకు పాతది ఎక్కడుందో ఎవరికీ తెలీదు.
మాంటెవిడియో నుంచి అనాయీ ఒక్కతే అడిగింది:
"ట్రాక్టరు మీద మనిషి ఉన్నారా?"

దానికి జవాబు లేదు.
రోడ్డు మీద పడ్డ తొడుగును దాటినట్టు దాన్ని దాటుకుని
కోపాన్ని తీవ్రత కింద లెక్కించవచ్చా అని
మూడు రోజులు వాదించుకున్నారు.
ఈ టికెట్టు గురించి మాట్లాడడానికి
వేరే టికెట్టు తెరవాలన్నారు ఒకరు.
బలపరిచింది నేనే.
అబద్ధమెందుకు.

నాలుగో రోజు, డిపోలో భోజనాల వేళ,
గోడగడియారం గంట ముందుంది.
శీతాకాలానికి దాన్నెవరూ తిప్పలేదు.
మా ఫోర్‌మన్ బొహుస్లావ్ కుర్చీ ఎక్కి
చూపుడువేలితో ముల్లును వెనక్కి నెడుతున్నాడు.
నా చేతిలో సూప్ చల్లారిపోయింది.

ఒక్క గంట.
ఆదివారం తెల్లవారుజామున ఖండమంతా వెనక్కి తిప్పుకున్న గంట,
నా ప్రోగ్రాము తిప్పుకోనిది.
మూడుంపావుకు ఆటు అంది.
అక్కడ రెండుంపావుకే అయిపోయింది.
వాళ్ళు బురదలోకి దిగేటప్పటికి
నీళ్ళు ఇటు మళ్ళాయి.

వెతికితే ఒకే ఒక్క వరస. ఏడేళ్ళ కిందట నేనే రాసింది.
పక్కన నా మాటే: "తర్వాత చూద్దాం."
ఏటా ఈ రోజుల్లో ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు.
ఎంత మర్యాదగానో చెప్పారు.
అంతే మర్యాదగా ధన్యవాదాలు చెప్పి
మూసేస్తూ వచ్చాం.

దిద్దడానికి పన్నెండు నిమిషాలు.
కింద ఏం రాయాలో తేలక రెండు గంటలు.
చివరికి అనాయీ ప్రశ్ననే ఎత్తి రాశాను.

రెండు రోజులకు బదులొచ్చింది:
"మా తమ్ముడు. ఈదుకుంటూ వచ్చాడు.
తడి తొడుగులతోనే టైపు చేశాను.
మీరు అనే రాశాను, మీ అనువాద యంత్రం ఎందుకు మింగిందో తెలీదు."
కింద ఒక ఫొటో: నీళ్ళపైన పొగగొట్టం ఒక్కటే,
దానిమీద రెక్కలారబెట్టుకుంటూ నీటికాకి.

నాలుగువందల ఆరు మూతపడింది.
మర్యాద మీద తెరిచింది ఇంకా నడుస్తోంది.

పసుపు ముద్ర తీసేశాను.
కానీ మా దగ్గర ఏదీ పూర్తిగా చెరగదు.
ఫలానా రాత్రి ఒటకర్ వేశాడు.
ఫలానా రాత్రి ఒటకర్ తీశాడు.
ఒకదాని కింద ఒకటి, రెండు గీతలు,
ఆ ఫొటోలో ఒడ్డు పొడుగునా
నీళ్ళు వదిలి వెళ్ళిన నాచులాగా.