రాత్రి డ్యూటీ

తొమ్మిదంతస్తులు.
మా చిన్నాయన వన్నూరప్ప నాలుగో స్లాబు దాకా
ఈ బిల్డింగుకే కాంక్రీటు మోసినాడు.
ఐదో స్లాబు నాటికి నడుం పట్టేసింది.
అందుకే నా లెక్కలో కింది నాలుగూ మావాళ్ళవి,
పైవి ఎవరివో నాకు తెలీదు.

గేటు పక్కన టేబులు, టేబులు మీద రిజిస్టరు,
రిజిస్టరు కింద నా ఫ్లూయిడ్ మెకానిక్స్.
పది దాటినాక ఎవరొచ్చినా
పేరు, ఊరు, గది, టైము రాసుకోవాల.
వేలు పెడితే మిషను థ్యాంక్యూ అంటుంది.
నాకెప్పుడూ అనలే.
నా వేలు దాంట్లో ఎక్కించలే.

ఎడమ లిఫ్టు ఆడపిల్లలకు, కుడిది మగపిల్లలకు.
సింగిల్ షేరింగ్ పద్నాలుగు వేలు, ఏసీ కరెంటు వేరే.
ఫోర్ షేరింగయితే ఆరున్నర,
అడ్వాన్సు రెండు నెలలది, తిరిగి ఇవ్వబడదు.
ఆ "ఇవ్వబడదు" దగ్గర నా గొంతు కూడా
బోర్డు మాదిరి అయిపోతుంది.

మొన్న ఆత్మకూరు ఆవలి పల్లె నుంచి ఒకాయన వచ్చినాడు,
కూతుర్ని పిల్చుకోని, చెప్పులు మెట్ల కాడే విడిచి.
ఇది గుడి కాదని ఎట్ల చెప్పేది?
రేట్లు చెప్పినా.
ఆయన బొటనవేలు గణుపుల మీద నడిచింది.
రూపాయల్ని చెనక్కాయ మూటల్లోకి మార్చుకుంటాండాడని
నాకు తెల్సు, మా నాయనా అంతే.
"కిటికీ లేని గది యాడన్నా ఉందా అప్పా, తక్కువలో?"
ఆ పాప సీలింగు లైట్ల పక్క ఒక్కసారి చూసి
గబుక్కున నేల చూసింది,
ఆశపడినట్టు నాయనకు కనపడగూడదని.

మాది రుద్రంపేట బైపాసు అవతల రేకుల గది.
మనిషికి పదకొండొందలు, పరుపు ఒకటే.
కాలేజీ నుంచొచ్చి సాయంత్రం నేను పడుకుంటా,
నేను లేస్తే ఎర్రిస్వామి పడుకుంటాడు.
ఇద్దరికీ నిద్ర చాలదు,
పరుపుకయితే అసలుకే లేదు.
మే నెలలో రేకు కింద చదివింది
మే నెలలోనే ఆవిరయిపోతుంది.
రీయింబర్స్‌మెంటు పడిందా అని నేను నాయన్ను అడగను,
వాన పడిందా అని అడుగుతా.
ఆయన "ఇంగా లేదబ్బా" అంటే
రెండిటికీ అదే జవాబు.

పై అంతస్తు పిల్లలు చెడ్డోళ్ళు కాదు.
ఏడొందల మూడు పాప పుట్టినరోజు కేకు తెచ్చిచ్చింది,
నా పేరు అడిగింది,
మళ్ళా వారం అన్నా అనింది.
పేరు గుర్తులేకపోతే అన్న అయిపోతాం,
తప్పేముంది.

మూడు దాటినాక ట్యాంకర్లొస్తాయి.
వీధి కుక్కలు కూడా మొరగవు, అలవాటే.
తొమ్మిదో అంతస్తు దాకా నీళ్ళెక్కాల్నంటే
మోటరు ఎంత గట్టిగా తోయాల్నో
నా పుస్తకంలో నూట పన్నెండో పేజీలో ఉంది.
నీళ్ళు యాడివో మాత్రం లేదు.
"యాడి బోరు ఫక్కీరప్పన్నా?"
"ఆత్మకూరు రోడ్డులో.
చేను ఎండిపాయ, బోరు ఇంగా పోస్తాంది.
రైతు లోడుకు ఇంత అని అమ్ముకుంటాండాడు.
బిడ్డను చదివించల్లంట."
బీడీ ముట్టించుకున్నాడు.
నేను ఊరి పేరు అడగలే.
ఆయనే అయ్యుంటాడు,
కాకపోయినా ఉంటాడు.
ఆ రోడ్డు పొడుగునా బోర్లే, బిడ్డలే.

పైపు సంపులో పడి దబదబా శబ్దం.
పైన ఎవరో నిద్రలోనే ఫ్లష్ నొక్కినారు.
నేను రిజిస్టరు తెరిచి రాసినా:

పేరు: నీళ్ళు.
ఊరు: ఆత్మకూరు పక్క.
టైము: మూడూ పది.
గది: అన్నీ.

పొద్దున ఓనరు వచ్చి కింద సంతకం పెట్టినాడు,
చదవలే.